పళ్ళు వదిలి మాయమైన అత్తగారు

ప్రపంచంలోని నేరస్థులందరికీ ఇదే నా ఆఖరి హెచ్చరిక. గద్ద చూపు, పాము చెవులు, కత్తిలాంటి బుర్ర ఉన్న డిటెక్టివ్ ఒకడు మీ మధ్యే తిరుగుతున్నాడు. వాడు నేనే. ఉద్యోగం మాత్రం బస్‌స్టాండులో, పోయిన వస్తువుల గదిలో గుమాస్తాగిరీ. ఎవరికో దొరికిన గొడుగు తెచ్చిస్తారు, నేను దానికి చీటీ కడతాను, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. ఇందులో పరిశోధన ఎక్కడుందని మా ఆవిడ అడుగుతుంది. చీటీ కట్టే ముందు గొడుగు వంక నేను చూసే చూపులో ఉంది. ఎంత చెప్పినా ఆవిడకి అర్థం కాదు.

సెలవుల్లో మా ఆవిణ్ణీ, అత్తగారినీ వెంటబెట్టుకుని ఓ పెద్ద థీమ్ పార్కుకి వెళ్ళాను. అత్తగారు జన్మంతా కుట్టుమిషను తొక్కి మా ఆవిణ్ణి పెంచిన మనిషి. తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. కాసేపు నడిస్తే చాలు, ఎక్కడ కుర్చీ ఉందా అని వెతుక్కుంటారు. అందుకని గేటు దగ్గర ఆవిడకో బ్యాటరీ స్కూటర్ అద్దెకి తీసుకున్నాం. నాలుగు చక్రాలు, ముందు ఓ బుట్ట, హ్యాండిల్ మధ్యలో వేగానికి ఓ మర. ఆ మరకి ఒక పక్క తాబేలు బొమ్మ, రెండో పక్క కుందేలు బొమ్మ.

"తొక్కక్కర్లేదా?" అన్నారు అత్తగారు, నమ్మలేనట్టు.

"అక్కర్లేదమ్మా. మీట నొక్కితే పోతుంది."

అంతే, మర కుందేలు మీదికి తిప్పి మమ్మల్ని పరిగెత్తించారు. ఆవిడ అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మేమేం చేశాం? బుట్టలో నీళ్ళ సీసాలు పడేశాం, హ్యాండిల్‌కి సంచులు తగిలించాం, వెనకాల నా కోటు ఆరేశాం. చివరికి బండి మీద అత్తగారెక్కడున్నారో వెతుక్కోవాల్సొచ్చింది.

ఆవిడ మాత్రం తలెత్తి రోలర్ కోస్టర్ వంకే చూస్తున్నారు. "అల్లుడుగారూ, అదెక్కుదామా?"

మేమిద్దరం పగలబడి నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

"ఈ మోకాళ్ళతోనా అమ్మా!" అంది మా ఆవిడ.

"కూర్చునేదేగా?" అన్నారు అత్తగారు. మేం అప్పటికే జ్యూస్ కొట్టు వైపు నడిచాం.

జ్యూస్ కొట్టు దగ్గర అమ్మాయి అత్తగార్ని చూపించి, "ఆవిడకేం కావాలండీ?" అని నన్నడిగింది. "ఆవిడకేం వద్దు" అన్నాను. అత్తగారు నా వంక ఓసారి, రోలర్ కోస్టర్ వంక ఓసారి చూశారు. ఆ చూపు నేను పట్టించుకోలేదు. ఆవిడ స్థానంలో గొడుగుంటే పట్టించుకునేవాణ్ణి.

"సాయంత్రం బండి తిరిగిచ్చేద్దామండీ. రేపట్నించి అమ్మ హోటల్ గదిలో రెస్టు తీసుకుంటుంది" అంది మా ఆవిడ. సరేనన్నాను. అత్తగార్ని అడగాలని ఇద్దరికీ తోచలేదు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కొచ్చేసరికి అత్తగారు లేరు, బండీ లేదు. మా సంచులూ, సీసాలూ, నా కోటూ బల్ల మీద బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"ఏవండీ, అమ్మేదీ?" మా ఆవిడ బల్ల కింద కూడా వంగి చూసింది.

"కంగారు పడకు. నేనున్నాను."

"నా కంగారూ అదే!"

ఆవిణ్ణి గేటు దగ్గర ఆఫీసులో చెప్పిరమ్మని పంపించి, నేను రంగంలోకి దూకాను. ఎవరో ఐస్‌క్రీమ్ ఒలకబోశారు. దాని మీంచి వెళ్ళిన చక్రాల జాడ పట్టుకుని పోగా పోగా, రోలర్ కోస్టర్ గోడ పక్కన మా బండి దొరికింది. మనిషి లేదు. కింద చెప్పుల జత, బుట్టలో కళ్ళద్దాలు, వాటి పక్కన రుమాల్లో ఏదో మూట. విప్పి చూశాను. ఫోన్ తీశాను.

"అమ్మ కనిపించిందా?" అంది మా ఆవిడ ఏడుస్తూ.

"పళ్ళు కనిపించాయి."

"ఏంటీ?"

"అత్తయ్యగారి పళ్ళు. పై వరసా, కింది వరసా. రోలర్ కోస్టర్ గోడ పక్కన బండీ, చెప్పులూ, కళ్ళద్దాలూ కూడా ఉన్నాయి. సందేహం లేదు, ఇది కిడ్నాప్. కొరుకుతారని ముందే పళ్ళు పీకేశారు."

"పీకడమేంటండీ! అవి తీసి పెట్టుకునేవే కదా!"

"ఆ రహస్యం వాడికి తెలుసంటే, వాడు మనకి బాగా కావలసినవాడే!"

"మరి చెప్పులూ?"

"పారిపోకుండా."

"కళ్ళద్దాలు?"

"వాడి మొహం గుర్తుపట్టకుండా."

మా ఆవిడ ఏడుపు ఆగిపోయింది. ధైర్యమొచ్చి కాదు, నా మీద ఒళ్ళు మండి. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. అక్కణ్ణించి కదలకండి, నేనొస్తున్నా" అని పెట్టేసింది.

కదలొద్దంటే అసలైన డిటెక్టివ్ ఆగుతాడా? అప్పుడే ఎలుగుబంటి వేషం వేసిన వాడొకడు, దుప్పటి కప్పిన పెద్ద తోపుడుబండి నెట్టుకుంటూ నా ముందునుంచే వెళ్ళాడు. దుప్పటి కిందనుంచి పూలపూల గుడ్డ వేలాడుతోంది. అత్తగారి మెడలోనూ పూలపూల స్కార్ఫే! పళ్ళ మూట జేబులో, చెప్పులు బుట్టలో వేసుకుని, స్కూటరెక్కి మీట నొక్కాను.

బండి వెనక్కి నడిచింది. పైగా కీ కీ కీమని అరుస్తూ. రహస్యంగా వెంటాడటానికి ఇంతకంటే గొప్ప వాహనం ఉండదు. ఎలాగో ముందుకి మళ్ళించానుగానీ, మరని తాబేలు దగ్గర్నించి తిప్పాలని తోచలేదు. "ఆగరా దుర్మార్గుడా!" అని అరుస్తున్నాను. అప్పుడే నడక నేర్చుకుంటున్న పిల్ల ఒకతె తప్పటడుగులు వేసుకుంటూ నన్ను దాటి, ఆగి, జాలిగా చూసి, మళ్ళీ వెళ్ళిపోయింది.

ఎలుగుబంటి ఓ పక్కదారిలో మాయమైంది. అక్కడో చిన్న గేటు, దాని మీద చక్రాల కుర్చీ బొమ్మ. ముఠా గుర్తు! అదే బొమ్మ నేను కూర్చున్న బండి మీదా ఉందని తర్వాత చూశాను. లోపలికి పోనిచ్చాను.

యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. "రండి సార్. నిలబడగలరా?"

గొంతు తగ్గించి, "లోపలే ఉన్నారా?" అన్నాను.

"ఒక్క సీటు ఖాళీగా ఉంది సార్."

సంకేత భాష! నేను తెలివిగా కన్ను కొట్టాను. ఆ అమ్మాయి పాపం నాకు పక్షవాతమేమో అనుకున్నట్టుంది, జబ్బ పట్టుకుని జాగ్రత్తగా కూర్చోబెట్టింది. ఒళ్ళోకి ఇనుప కడ్డీ దిగి ఠక్కుమని బిగుసుకుంది. అయిపోయాను, శత్రువుల వలలో చిక్కాను అనుకుంటూ పక్కకి తిరిగాను.

"అల్లుడుగారూ! మీరూ వచ్చారా!" బోసినోటితో నవ్వుతున్నారు అత్తగారు. స్కార్ఫ్ ఆవిడ మెడలోనే ఉంది.

"అత్తయ్యగారూ! మిమ్మల్నెవరు బంధించారు?"

"ఇదిగో, ఈ అమ్మాయే. ఎంత బాగా బిగించిందో! దిగకుండా మూడోసారి తిరుగుతున్నా."

"మరి పళ్ళు?"

"పైన ఎగిరిపోతే ఎవరు వెతుకుతారు బాబూ? మీ గదికొచ్చి చీటీ విప్పించుకోవాలి."

"ఒక్క మాట చెప్పి రావచ్చు కదండీ. మీ అమ్మాయి హడలిపోతోంది."

ఆవిడ నవ్వు తగ్గింది. "పొద్దున చెప్పానుగా. నవ్వారు."

నాకు సిగ్గేసింది. నిజంగా, తలెత్తుకోలేనంత సిగ్గేసింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే, ఇంతసేపూ పైకెక్కుతున్న రోలర్ కోస్టర్ పెట్టె పట్టాల శిఖరానికి చేరి కిందికి దూకింది. నా నోట్లోంచి వచ్చిన కేక క్షమాపణలా లేదు.

దిగేచోట మా ఆవిడ నిలబడి ఉంది. అక్కడ తెర మీద మా ఫొటో వేశారు. అత్తగారు చేతులు రెండూ పైకెత్తి, బోసినోరంతా తెరిచి నవ్వుతున్నారు. పక్కన నేను, కళ్ళు మూసుకుని ఆవిడ స్కార్ఫ్‌లో మొహం దాచుకున్నాను. తిట్టడానికి సిద్ధంగా వచ్చిన మా ఆవిడ ఆ ఫొటోని చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఎంత బెదిరిపోయాననుకున్నావే అమ్మా" అంది. అమ్మ చెయ్యి పట్టుకుని, "రేపు కూడా బండి ఉంచేద్దాం. ఈసారి నేనూ ఎక్కుతా" అంది.

నాకు కాళ్ళు నిలవలేదు. "అల్లుడుగారూ, మీరు బండెక్కండి. జ్యూస్ కొట్టు ఎదురేగా, నాలుగడుగులు నేను నడుస్తాలెండి" అని, అత్తగారే నన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టి, మర తాబేలు మీద ఉందో లేదో చూసి, కూతురి భుజం పట్టుకుని పక్కనే నడిచారు.

కొట్టులో అమ్మాయి నన్నొకసారి చూసి, అత్తగారి వైపు తిరిగింది. "ఆయనకేం కావాలండీ?"

అత్తగారు నా దగ్గర మూట తీసుకుని, తాపీగా పళ్ళు పెట్టుకున్నారు.

"ఆయన్నే అడుగమ్మా. నోరుందిగా."

నీళ్ళు కావాలని మెల్లిగా అడిగాను. తర్వాత ఆవిడ వంక తిరిగి, "అత్తయ్యగారూ, మీకేం కావాలి?" అన్నాను.

"నారింజ రసం. పెద్ద గ్లాసు. ఐసు వద్దు" అన్నారు అత్తగారు, పొద్దుట్నించీ నాలిక చివర పెట్టుకున్నట్టు.