వైర్లు లేని కార్యాలయానికి ప్రథమ బహుమతి

లోకంలో దేనిమీదనైనా గట్టిగా అభిప్రాయం చెప్పాలంటే ఆ సంగతి తెలియకుండా ఉండాలి. అంతకు మించిన అర్హతను ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. తెలిసినవాడు నసుగుతాడు, "అదంత తేలిక కాదండీ" అంటాడు, పళ్ళికిలిస్తాడు. తెలియనివాడు టీ చల్లారేలోపు మానవజాతి భవిష్యత్తు తేల్చిపారేసి, గ్లాసు కడిగి బోర్లించి, సీట్లోకి వెళ్ళి కూర్చుంటాడు.

ఉద్యోగుల బదిలీల కార్యాలయంలో ఈ బాధ్యత హెడ్‌క్లర్కుది. అందరూ ఆయన్ని హెడ్‌లైన్ బాబాయి అంటారు. (అసలు పేరొకటి ఉంది. జీతాల విభాగం తప్ప దాన్ని ఎవరూ వాడరు.) పొద్దున టీ వేళ బాబాయి ఫోను తీసి సాంకేతిక వార్తలు చదువుతాడు. ఏ వార్తయినా మొదటి మూడు పంక్తులే ఉచితం, ఆపైన చదవాలంటే చందా కట్టాలి. బాబాయికి మూడు పంక్తులు చాలు. నాలుగో పంక్తి ఎప్పుడూ "అయితే" అని మొదలవుతుందనీ, దాంతో వార్త రుచంతా చెడిపోతుందనీ ఆయన నమ్మకం.

మనిషి చెడ్డవాడు కాదు. ఎక్కడెక్కడి ఉద్యోగుల్నో ఎక్కడెక్కడికో పంపే ఆఫీసులో పనిచేస్తూ, సొంత భార్యను తనున్న ఊరికి తెచ్చుకోలేక ఆరేళ్ళుగా అవస్థ పడుతున్నాడు. ఆవిడ పూట ప్రయాణం దూరంలో ఉన్న ఆసుపత్రిలో నర్సు, పసిపిల్లల వార్డులో పని. శనివారం వీలు చిక్కితే ఈయన బస్సెక్కి వెళ్తాడు, ఆదివారం సాయంత్రం మళ్ళీ బస్సెక్కుతాడు. ఆవిడ వండిపెట్టింది తినడానికే తప్ప పోట్లాడుకోవడానికి కూడా వ్యవధి ఉండదు. అలాంటి సంసారాన్ని సంసారం అనాలా వద్దా అన్నదానిమీద మాత్రం బాబాయికి ఏ అభిప్రాయమూ లేదు, బాధే ఉంది.

భార్యాభర్తల్ని ఒకే ఊళ్ళో ఉంచే దంపతుల కోటాలో ఈ ఏడాది ఆవిడ బదిలీ ఫైలు అన్ని టేబుళ్ళూ దాటింది. డైరెక్టరుగారి కంప్యూటరులో చేరి కూర్చుంది. నెలాఖరులోపు ఆయన ఒక్కసారి "పంపు" అన్న చోట నొక్కితే పై కార్యాలయానికి చేరుతుంది, ఆ తరువాత ఆర్డరు దానంతటదే వస్తుంది. ఆవిడ అప్పుడే గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకు చెప్పేసింది, గ్యాస్ స్టవ్ పక్కగది ఆయాకు ఇచ్చేసింది.

"ఈసారి ఖాయమే కదండీ?" అంది ఫోనులో.

"ఖాయం" అన్నాడు బాబాయి. (అదీ అభిప్రాయమే.)

ఆ వారంలోనే ఆ వార్త వచ్చింది. ఎక్కడో ప్రయోగశాలలో ఎవరో గదికి ఈ చివర యంత్రం పెట్టి, ఆ చివర ఉన్న బల్బును తీగ లేకుండా వెలిగించారట. మూడు పంక్తులూ అయిపోయాయి. బాబాయి ఫోను జేబులో పెట్టి, టీ మీది మీగడ తీసి పక్కన పెట్టి, తీర్పు చెప్పాడు.

"ఇంకేముంది, వైర్ల పని అయిపోయింది. కాస్త బుర్రున్నవాడైతే ఇవాళే గోడల్లోంచి పీకి పారేస్తాడు."

ఫైళ్ళు చూసే అక్క నవ్వింది. (ఆవిడకు ఆయన బాబాయి, ఆయనకు ఆవిడ అక్క. బదిలీల కార్యాలయంలో వరసలు కూడా అలా బదిలీ అవుతూ ఉంటాయి.) నవ్వనివాడు ఒక్కడే. వెనక నిలబడి చక్కెర కలుపుకుంటున్న కొత్త డైరెక్టరుగారు.

ఆయన ఈ ఏడు ఏదో ఒక సంస్కరణ చేసి చూపించకపోతే పై పదవి రాదు. అప్పటిదాకా కుర్చీల దిశ మార్చాడు, బీరువాలకు నీలం రంగు వేయించాడు, సంస్కరణ మాత్రం చిక్కలేదు. బాబాయిని గదిలోకి పిలిపించాడు.

"పీకకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు.

"సరదాకన్నానండీ" అనవలసిన చోటు అది. డైరెక్టరుగారు అంతలోనే, "మీ మిసెస్ ఫైలు నా దగ్గరే ఉంది కదూ?" అని కూడా అడిగాడు. దాంతో బాబాయి నాలుక వెనక్కి తిరగలేకపోయింది. నిజం చెప్పాలంటే, ఆరేళ్ళలో ఒక డైరెక్టరు తనని కూర్చోమనడం అదే మొదటిసారి.

"గోడల్లో పాత తీగలుంటే గాల్లో వచ్చే కరెంటును అవే తాగేస్తాయండీ" అన్నాడు.

ఈ శాస్త్రవిషయం ఎక్కడిదని డైరెక్టరుగారు అడగలేదు, బాబాయి చెప్పలేదు. ఆ సాయంత్రానికి తీగరహిత సంసిద్ధతా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు బాబాయి, సభ్యులు లేరు. (సభ్యులుంటే భిన్నాభిప్రాయాలు వస్తాయి.) ఇప్పుడున్న తీగల్ని సమూలంగా తొలగించడమే సంఘం విధి అని ఉత్తర్వులో రాశారు. గాల్లో కరెంటు ఎప్పుడొస్తుందన్నది సంఘం పరిధిలోకి రాదని, అది ఇతర శాఖలు చూసుకోవలసిన విషయమని కింద స్పష్టం చేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ లేని కరెంటుకు ఒక స్వాగత బోర్డు కూడా రాయించారు.

"పని మొదలయ్యేలోపు మీ ఫైలు నొక్కేస్తాలెండి" అని డైరెక్టరుగారు మాటిచ్చాడు. ఆయన నిజంగానే నొక్కేవాడేమో. మర్నాడు పొద్దున పనివాళ్ళు కటింగ్ ప్లయర్లతో వచ్చి, ఏ గది నుంచి మొదలుపెట్టమంటారని అడిగారు. ప్రశ్న అధ్యక్షుడి ముందుకు వచ్చింది. ఆ కార్యాలయంలో టీ అయినా, పండ్ల బుట్ట అయినా, దోమల మందైనా పెద్దవాళ్ళ గది నుంచే మొదలవ్వాలి. అలవాటు చొప్పున బాబాయి వెనకాముందూ చూడకుండా "ముందు డైరెక్టరుగారి గది" అని రాసి సంతకం పెట్టాడు.

డైరెక్టరుగారు వచ్చేసరికి ఆయన గదిలో తీగ లేదు, స్విచ్చు లేదు, అవి ఉన్నచోట తడి సిమెంటు ఉంది. కంప్యూటరు నల్లగా చూస్తోంది. అందులో బాబాయి భార్య ఉంది.

"అయ్యో, మీ ఫైలు!" అన్నాడు డైరెక్టరుగారు. ఆయన జాలి అంతవరకే.

తక్కిన గదులకు రెండు రోజులు పట్టింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. గుమాస్తాలు అట్టలతో విసురుకుంటూ, చేసే పనేదీ లేదు కాబట్టి వేళకు ముందే వచ్చి కూర్చునేవారు. హాజరు నూటికి నూరు శాతమైందని డైరెక్టరుగారు దాన్ని కూడా సంస్కరణ ఖాతాలో వేసుకున్నాడు. ఫోనుల్లో ఛార్జి అయిపోతే వీధి చివర మంగలి షాపుకు వెళ్ళి పెట్టించుకోవలసి వచ్చేది. ఊరకే కూర్చుంటే బాగోదని సగం ఆఫీసు గడ్డాలు గీయించుకుంది.

"బాబాయ్, వైర్లు తీశారు సరే, వాటి బదులు ఏం పెడుతున్నారు?" అని అక్క అడిగింది.

"సంసిద్ధత" అన్నాడు బాబాయి. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. కానీ అధ్యక్షుడు మరేం అనగలడు?

వారం తిరిగేసరికి పై కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది: మీ నుంచి ఒక్క ఫైలూ రావడం లేదు, సంజాయిషీ ఇవ్వండి. డైరెక్టరుగారి ముఖం పాలిపోయింది. బాబాయిని పిలిచి, "మీరే దించారు ముగ్గులోకి, మీరే గట్టెక్కించాలి" అన్నాడు.

ఆ రోజు వార్తల్లో ఎవరో దొంగలు ఒక పెద్ద సంస్థ కంప్యూటర్లలో దూరి లక్షలమంది వివరాలు ఎత్తుకుపోయారని ఉంది. బాబాయి మంగలి కుర్చీలో కూర్చుని మూడు పంక్తులు చదివి వచ్చాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడేమో, నోటికేది తోస్తే అది అన్నాడు.

"కంప్యూటరు నడుస్తుంటేనే కదండీ దొంగ దూరేది? ఆపి ఉంచినదానంత భద్రమైంది లోకంలో ఏదండీ?"

డైరెక్టరుగారు లేచి బాబాయి చెయ్యి పట్టుకుని ఊపాడు.

సంజాయిషీ వెళ్ళాల్సిన చోటికి విజ్ఞప్తి వెళ్ళింది: మా కార్యాలయం సంపూర్ణ భద్రత సాధించింది, తనిఖీ చేయగలరు. తనిఖీ బృందం పెట్టెలూ యంత్రాలూ మోసుకుని దిగింది. బయటనుంచి కంప్యూటర్లలోకి చొరబడాలని పొద్దుగుంకేదాకా ప్రయత్నించింది. ఒక్కదాంట్లోనూ చొరబడలేకపోయింది. ఇంత దుర్భేద్యమైన వ్యవస్థను తమ సర్వీసులో చూడలేదని బృందం నాయకుడు చెమట తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. (ఆయన యంత్రాల్లో ఛార్జి అయిపోతే వాటినీ మంగలి షాపుకే పంపారు.) కార్యాలయానికి భద్రతలో ప్రథమ బహుమతి ప్రకటించారు. కంప్యూటర్లు ఎంతకాలం ఆపి ఉంటే ఆ పత్రం అంతకాలం చెల్లుతుందని అందులో రాశారు.

నెలాఖరు దగ్గరపడింది. బాబాయి కాగితం మీద కొత్తగా దరఖాస్తు రాసి అక్క దగ్గరకు తీసుకెళ్ళాడు. కాగితం దరఖాస్తులు తీసుకోవడం పోయినేడే ఆగిపోయిందని, ఆ ఆపించిన నోట్ మీద సంతకం కూడా ఆయనదేనని అక్క గుర్తుచేసింది. ఆవిడకు జాలేసి ఒక ఉపాయం చెప్పింది.

"టీ బండివాడి దగ్గర పొడుగు వైరుంది. కిటికీలోంచి లాగితే డైరెక్టరుగారి టేబులు దాకా వస్తుంది. పది నిమిషాలు చాలు. అడిగి చూడండి."

బాబాయి వెళ్ళి అడిగాడు. డైరెక్టరుగారు ఎంతో మర్యాదగా విన్నాడు.

"నాకేం అభ్యంతరం లేదండీ. కంప్యూటరు వెయ్యాలంటే సంఘం అధ్యక్షుడి అనుమతి కావాలి. మీరే ఇచ్చుకోండి. కాకపోతే వేసిన మరుక్షణం బహుమతి పోతుంది, భద్రతకు భంగం కలిగించినవాళ్ళ కుటుంబానికి దంపతుల కోటా వర్తించదు. ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం మంగలి షాపులో, ఫోను గోడకు తగిలించి ఉండగానే, బాబాయి భార్యకు సంగతి చెప్పాడు. మంగలి మర్యాద కొద్దీ కత్తెర ఆడించడం ఆపాడు. (వినడానికే.)

"వైర్లు తీసెయ్యమన్నది ఎవరు?" అంది ఆవిడ.

"ఒక సంఘం."

"అందులో ఎవరున్నారు?"

"ఒక్కడే ఉన్నాడు."

ఆవిడకు విషయం అర్థమైంది. "స్టవ్ ఇచ్చేశానండీ" అంది చివరికి. అరిచి ఉంటే బాబాయి తట్టుకునేవాడు. ఆ మెత్తటి మాటను తట్టుకోలేకపోయాడు.

నెలాఖరు దాటిపోయింది. దంపతుల కోటా మూతపడింది.

ఆ తరువాత నాలుగు రోజులకు బాబాయికి బదిలీ ఆర్డరు వచ్చింది. అదీ భార్య ఉన్న ఊరికే, అదీ ఆవిడ పనిచేసే ఆసుపత్రికే. మొదటి మూడు పంక్తులు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. జీవితంలో మొదటిసారి నాలుగో పంక్తి కూడా చదివాడు. బదిలీల కార్యాలయంలో సాధించిన విజయాన్ని ఆసుపత్రికి విస్తరించడానికి, వార్డుల్లోని తీగలన్నీ తొలగించే పనికి ఆయన్ని ప్రత్యేక నిపుణుడిగా నియమించారు.

భార్యకు ఫోను చేసి చదివి వినిపించాడు. వెనక ఏవో యంత్రాలు సన్నగా కూస్తున్నాయి.

"ఆ చప్పుడు వింటున్నారా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. పెట్టెల్లో వెచ్చగా పడుకున్నారు. ఆ వెచ్చదనం వైర్లోంచి వస్తోంది. మీరు రావద్దు."

"ఆరేళ్ళయిందే మనం..."

"నాకూ తెలుసు ఎన్నేళ్ళయిందో. మీరు మాత్రం రావద్దు." ఆవిడ ఫోను పెట్టేసింది.

బాబాయి లేచి తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాడు. ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"నాకు కరెంటు గురించి ఏమీ తెలియదండీ. కంప్యూటర్ల గురించి అంతకన్నా తెలియదు. అంతా నోటికొచ్చింది చెప్పాను."

డైరెక్టరుగారు కొత్త పదవికి వెళ్ళడానికి సామాన్లు సర్దుకుంటున్నాడు. తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. తెలిసినవాణ్ణి అధ్యక్షుణ్ణి చేస్తే వైర్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడా?"

బాబాయి ఆ బదిలీ తనకు వద్దని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. నిపుణుడు రానంటే పని మొదలుపెట్టకూడదన్న నిబంధన ఉండడంవల్ల, ఆసుపత్రి తీగలు గోడల్లోనే మిగిలాయి. అంతకు ముందూ తరువాతా ఆయన ఆ కార్యాలయంలో చేసిన మేలు అదొక్కటే, దానికి బహుమతి లేదు.

డైరెక్టరుగారు ఆ కాగితం చదివి, కారణం రాయలేదేమని బాబాయివైపు చూశాడు. ఆ తరువాత కలం తీసి, "భార్య ఉన్న ఊళ్ళో కాపురం చేయడం ఉద్యోగికి ఇష్టం లేదు, ఇకపై దంపతుల కోటాలో పరిగణించనక్కరలేదు" అని తనే పూరించాడు. కొత్త పదవికి వెళ్తూ దాన్ని స్వయంగా చేతపట్టుకుపోయాడు. అందువల్ల ఆ ఏడాది బాబాయి కుటుంబానికి సంబంధించిన కాగితాల్లో అదొక్కటి మాత్రం, ఏ ఆటంకమూ లేకుండా, ఆ పూటే పై కార్యాలయానికి చేరింది.