మిక్సీ అడిగితే మిక్సర్

నవ్వం అని మాటివ్వండి, చెబుతాను. మా పర్చూరులో నన్ను ఇప్పటికీ రోకలి దాసు అంటారు. అసలు పేరు ప్రేమదాసు. ఎనభై ఏడు ఎండాకాలంలో నేనాడిన ఒక అబద్ధం వల్ల వచ్చిన బిరుదది. అబద్ధం కూడా కాదు లెండి, ఒక్క అక్షరం తేడా.

మా రెబ్కా పెళ్ళయిన నాటి నుంచి మిక్సీ అడుగుతోంది. నాకేమో చర్చి పాటల బృందంలో డ్రమ్ములు వాయించాలని ఒకటే దురద. కుదురుగా అన్నం తినలేను, కంచం మీదే దరువు. బృందం పెద్ద జక్రయ్యగారికి పాత డోలకే ముద్దు. నా పోరు పడలేక చివరికి, "శనివారం మీ ఇంటికొస్తా, వాయించి చూపించు. బాగుంటే సరే, లేదంటే మళ్ళీ ఆ మాటెత్తకు" అన్నారు.

గుంటూరులో కంప్యూటర్లు నేర్పే నా స్నేహితుడు అంకారావు దగ్గర, కంప్యూటర్‌తో డ్రమ్ములు మోగించే సరంజామా అంతా అడిగి తెచ్చాను. ఇంటికి ముందే "మిక్సర్ తెస్తున్నా" అని కబురు పంపాను. రెబ్కా పొయ్యి పక్కన చోటు కూడా తుడిచి ఉంచింది.

పెట్టెలు విప్పాను.

"జార్లేవండీ?"

"ఇది పాటల మిక్సరే. శబ్దాలు కలుపుతుంది."

"పచ్చడి కలపదా?"

"కలపదు."

విసురుగా వెళ్ళి రోలు కడుక్కుంది.

"ఇటు చూడవే," అని బతిమాలాను. "ఈ రబ్బరు చెక్కని కొడితే ఏ చప్పుడూ రాదు. కింద అంటించిన ఈ బిళ్ళ ఉందే, అది దెబ్బని కనిపెట్టి తీగలోంచి కంప్యూటర్‌కి చెబుతుంది. అప్పుడు అందులో డ్రమ్ము మోగుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ అంటారు."

"ఎక్కడుందది?"

"ఈ క్యాసెట్లో."

"అంటే డ్రమ్ము లేదు, క్యాసెట్ ఉంది. మిక్సీ లేదు, మిక్సర్ ఉంది. మొగుడైనా ఉన్నాడా నాకు?"

శనివారం పొద్దుటి నుంచి కంగారుగా ఇంట్లో వంద తిరుగుళ్ళు తిరిగాను. క్యాసెట్ కీచుమంటూ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంటే పక్కింటి సైదాబీ వచ్చి, పిల్లి తోక ఎవరు తొక్కారని అడిగింది.

"ఇవాళ్టికి రోకలి ముట్టుకోకే," అన్నాను రెబ్కాతో.

"ఇంట్లో కారం నిండుకుంది. మిరపకాయలు మీ మిక్సర్‌లో వెయ్యనా?"

నేను పోయి తీగలు సర్దుకున్నాను.

జక్రయ్యగారు రానే వచ్చారు. "వందనాలు దాసూ. ఊఁ, కానీ."

కొట్టాను. చడీ చప్పుడూ లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. ఊహూఁ. తీరా చూస్తే ఎండకి జిగురు కరిగి బిళ్ళ ఊడింది, నేల బండల మీద పడి ఉంది! ఆయన కండువా దులుపుకుని లేవబోయారు.

సరిగ్గా అప్పుడే వంటింట్లో రెబ్కా రోకటిపోటు వేసింది. స్పీకర్‌లో 'ధబ్' మని డ్రమ్ము మోగింది!

దెబ్బ బండల గుండా బిళ్ళకు చేరుతోందని నాకు అర్థమైంది. పైకి చెప్పే సమయమా అది? చెక్క మీద కర్రలు ఆడించేశాను. ఆయన హుషారుగా పాట ఎత్తుకున్నారు. ఆ పాట చెవిన పడి రెబ్కా దంపుడు కూడా తాళంలో పడింది.

"ఒరేయ్ దాసూ, నీలో ఇంత తాళం ఉందనుకోలేదురా!"

నేను కళ్ళు మూసుకుని తల కూడా ఊపాను. అక్కడే చెడింది.

ఎప్పుడాగిందో గాని డ్రమ్ము ఆగిపోయింది. నా కర్రలు ఆగలేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా రెబ్కా, నుదుటి మీద కారం, చేతిలో మజ్జిగ గ్లాసు.

"దంచడం అయిపోయిందండీ. ఇక మీరూ ఆపొచ్చు."

అని ఊరుకోలేదు. మడమతో నేల మీద ఒక్కటి తట్టింది. 'ధబ్!'

జక్రయ్యగారు బిళ్ళ వంక చూశారు, నా వంక చూశారు. మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నారు. "అమ్మాయ్, రేపట్నుంచి పాటలకి నువ్వు రావాలమ్మా."

"ఇంట్లో దంచేదెవరండీ?"

"వీడున్నాడుగా. చేతులాడించడం బాగా వచ్చు."

అంకారావు ఆ సరంజామా చర్చికే వదిలేశాడు. రెబ్కాకి రోజూ సాయంత్రం ప్రాక్టీసు. ఇంట్లో రోకలి నాది. తుమ్మి తుమ్మి, ముక్కూ కళ్ళూ ఏకమై, ఒకరోజు నేనే కాళ్ళబేరానికి వచ్చాను.

"ఏమే, మనం మిక్సీ కొనుక్కుందామే."

కుచ్చిళ్ళు సర్దుకుని గడప దాటుతూ వెనక్కి తిరిగి, నా చేతిలో రోకలి వంక చూసింది.

"ఎందుకండీ, మిక్సర్ ఉందిగా!"