ఒక కిరణం తక్కువ సూర్యుడు

దేశం ఇంకా రాకముందే జెండాకు రెండు ఆఫీసులు ఏర్పాటు చేసుకున్న ఘనత ప్రపంచంలో కుర్దులకే దక్కుతుంది.

జెండాలో ఎరుపు అమరుల రక్తం, తెలుపు శాంతి, ఆకుపచ్చ కొండలూ పొలాలూ. నడుమ సూర్యుడికి ఇరవై ఒక్క కిరణాలు, కొత్త ఏడాది పండుగ నౌరోజ్ మార్చి ఇరవై ఒకటిన వస్తుంది కాబట్టి. జెండా ఎగరెయ్యాలంటే రెండు ముద్రలు కావాలి: ఆకుపచ్చ పట్టీకి ఆకుపచ్చ పార్టీవాళ్ళ ఆఫీసు, సూర్యుడికి పసుపు పార్టీవాళ్ళ ఆఫీసు ముద్ర వేస్తాయి. ఎరుపు మాదంటే మాదని రెండూ కోర్టుకెక్కాయి. (తెలుపు కావాలని ఇంతవరకూ ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.)

జెండా పండుగకు ముందు బడి పంతులమ్మ త్రీఫా, నానమ్మ ఫహీమాను వెంటబెట్టుకుని ఈ ఆఫీసులకు వచ్చింది. చేతిలో నానమ్మ కుట్టిన జెండా. వెనకటి ప్రభుత్వపు సిపాయిలు ఇల్లిల్లూ గాలించే రోజుల్లో, పెళ్ళి గౌను చింపి, పిండి సంచి కత్తిరించి కుట్టి, బొంతలో దాచిన జెండా అది. దాన్ని బడి ముందు ఎగరగా ఒక్కసారి చూడాలని ముసలామె ఆశ.

ఆకుపచ్చ ఆఫీసులో పని సాఫీగానే సాగింది. అధికారి పట్టీని నలిపి చూసి, "ఆకుపచ్చే" అని ముద్ర కొట్టాడు. పొరపాటున కూడా సూర్యుడు కంటబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గోడకు అవతల, పసుపు ఆఫీసులో రేబాజ్ అనే అధికారి లేచి నిలబడి, జెండాను కళ్ళకద్దుకున్నాడు.

"మా అమ్మ కూడా బొంతలోనే దాచేది, అవ్వా," అన్నాడు. తరువాత కూర్చుని కిరణాలు లెక్కపెట్టాడు. టీ వచ్చింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇరవయ్యే ఉన్నాయే!"

"చీకట్లో కుట్టాను నాయనా. ఆ ఒక్కటీ కుట్టబోతుంటే సిపాయిలు తలుపు కొట్టారు."

"అయ్యో! కిరణం తగ్గడానికి కారణం మేమేనని వాళ్ళ చేత ఒక కాయితం రాయించుకోవాల్సింది."

"సూదీ దారం తెచ్చాను అన్నా," అంది త్రీఫా. "ఇక్కడే కుట్టేస్తాం."

"కుదరదమ్మా. ఆకుపచ్చ వాళ్ళ ముద్ర పడిపోయిందిగా? ముద్ర పడ్డ జెండా మీద సూది పెడితే నేరం."

"పోనీ, ఇలాగే ఎగరేసుకుంటాం."

"తప్పు జెండా ఇంట్లో ఉండకూడదు. తీసుకెళ్ళి కాల్చేస్తాం. గౌరవంగానేలే," అన్నాడు రేబాజ్. "తీసుకెళ్ళే ఆయన జెండా పండుగకని ముందే సెలవు పెట్టాడు. రేపు మీ ఇంటికే ఎవరినైనా పంపిస్తా."

ఇంటికి రాగానే త్రీఫా పాత బొంత దించి, కుట్లు విప్పబోయింది.

"అందులో వద్దే పిల్లా," అంది ఫహీమా. "అప్పుడు వెతికింది పరాయివాళ్ళు, బొంత విప్పి చూడాలని వాళ్ళకి తెలీదు. రేపొచ్చేది మనవాళ్ళు."