చిరునామా మారని తలుపు

మాదన్నపేట మొత్తం మీద ప్రభుత్వం వారు స్వయంగా విచారించి, మంచి మనిషని పలుమార్లు ధ్రువపరచిన వ్యక్తి ఒక్కరే ఉన్నారు. ఆమె పేరు బిల్కీస్. మిగిలిన మనమంతా పుట్టుకతోనే పౌరులం కాబట్టి మన నడవడిక ఎలాంటిదని ఎవరూ వచ్చి అడగలేదు. అడగకపోవడం మన అదృష్టం.

బిల్కీస్ కరాచీలో పుట్టింది. పాతికేళ్ల కిందట మేనత్త కొడుకు జహంగీర్‌ను పెళ్లాడి హైదరాబాదుకు వచ్చింది. జహంగీర్ పత్తర్‌గట్టిలో ఒక దుకాణంలో షేర్వానీలు కుడతాడు. ఆమె ఇక్కడి పౌరసత్వానికి అర్జీ పెట్టుకుంది. నిబంధన ప్రకారం పాత పాస్‌పోర్టు అప్పగించింది. పాత దేశం ఆమె పేరును మర్యాదగా కొట్టేసింది. కొత్త దేశం ఆలోచిస్తానంది. పెద్ద దేశం కదా, ఆలోచించడానికి కొంత వ్యవధి కావాలి.

ఆలస్యమవుతోందని అధికారులను ఆడిపోసుకోవడం అన్యాయం. వారి పద్ధతి చాలా పకడ్బందీగా ఉంటుంది. ఒక అధికారి ఇంటికి వచ్చి తలుపు తడతాడు. అర్జీదారు తలుపు తీస్తుంది. ఆమె అక్కడే ఉంటోందని, ఎవరితోనూ కొట్లాడదని ఆయన రాసుకుంటాడు. ఆ నివేదికకు ఒక గడువు ఉంటుంది. నివేదిక పై ఆఫీసుకు చేరడానికి పట్టే కాలం ఆ గడువు కంటే కాస్త ఎక్కువ. చేరగానే అక్కడివారు జాగ్రత్తగా పరిశీలించి, గడువు తీరిపోయిందని కనిపెట్టి, మళ్లీ విచారణకు ఆదేశిస్తారు. ఇందులో తప్పు చేసినవారెవరో చెప్పమనండి చూద్దాం.

ఏ అధికారి ఎప్పుడు వస్తాడో తెలియదు. వచ్చినప్పుడు ఆమె ఇంట్లో లేకపోతే లేదని రాసుకుపోతాడు. అందుచేత బిల్కీస్ పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఎదురింటి కాశమ్మే ఆమెకు మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చిచ్చేది, కూరగాయలతోపాటు తెలుగూ నేర్పింది. ఈ దేశపు భాషల్లో ఒకటి రావాలని నిబంధన. ఉర్దూ చాలునని అందరూ చెప్పినా, దేశం మనసు ఎటు మారుతుందోనని ఆమె రెండోది కూడా సిద్ధంగా ఉంచుకుంది.

ఆమెకు కావలసింది అసలు చాలా చిన్నది. కరాచీలో ఆమె అక్క ఉమ్మే హానీ ఉంది. తల్లి పోయాక బిల్కీస్‌కు జడ వేసి, అన్నం తినిపించి పెంచిన అక్క. ఆమెకు కంటి జబ్బు. కుడికన్ను ఇప్పటికే పోయింది, ఎడమకన్ను పోయే దారిలో ఉంది. ఫోన్‌లో చూస్తే చెల్లెలి ముఖం ఒట్టి తెల్లటి మసకగా కనపడుతోందట. దగ్గరగా వచ్చి కూర్చుంటే ఇంకా గుర్తుపడతానేమో, ఒక్కసారి రమ్మని ప్రతి వారం అడుగుతుంది. వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు కావాలంటే దేశం కావాలి. బిల్కీస్ ఎదురుచూసేది పౌర హక్కుల కోసం కాదు, అక్క కన్ను ఆరిపోకముందే ఆ కంటికి ఒకసారి కనపడటం కోసం.

ఇలా ఉండగా రోడ్డు వెడల్పు చేయాలని నిర్ణయమైంది. ఇంజనీరు నిఖిలేష్ గారు వచ్చి జహంగీర్ ఇంటి వెనక గోడ మీద ఎర్రరంగుతో గీత గీశారు. వెనక గోడ మీద గీత పడిందంటే ఇల్లు మొత్తం రోడ్డులోకి వచ్చిందని అర్థం. పరిహారం ఇస్తారు, ఇల్లు ఖాళీ చేయాలి. బిల్కీస్ హడలిపోయి అర్జీల ఆఫీసుకు పరుగెత్తింది.

"అడ్రస్ మారితే ఫైలు మొదటికొస్తదమ్మా," అన్నాడు అక్కడి గుమాస్తా. "ఆ నంబరున్న తలుపు ఉండాలె. మా సారొచ్చి కొడితే నువ్వు తియ్యాలె. గంతే."

"తలుపుంటే సరిపోతదా సార్?"

గుమాస్తా రూల్సు పుస్తకం తిరగేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు.

"రూల్‌ల గోడల ముచ్చటైతే లేదు," అన్నాడు.

ఆ విధంగా జహంగీర్ ఇళ్లు కూల్చే యంత్రం డ్రైవరు గడ్డం పట్టుకుని బతిమాలి, ఇల్లంతా కూలినా తలుపూ ద్వారబంధమూ గడపా మాత్రం నిలబెట్టించుకున్నాడు. తారు వేసే ముందు ఎలాగూ మళ్లీ వస్తాం, అప్పుడు తీసేస్తామని డ్రైవరు చెప్పి వెళ్లాడు. కాపురం ఎదురింట్లోని రెండు గదుల్లోకి మారింది. ఆ ఇల్లు కాశమ్మ భర్త గుండయ్యది. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, బస్తీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడిగా స్థిరపడ్డాడు. బిల్కీస్ మాత్రం పొద్దున్నే తలుపు తాళం తీసి, లోపలికి వెళ్లి, కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చునేది. లోపల అంటే అదీ రోడ్డే. తలుపుకు ఇవతల ఆటోలు పోయేవి, అవతల కూడా ఆటోలే పోయేవి. పాలవాడు సంస్కారం కలవాడు కనుక పక్కనుంచి పోకుండా తలుపు కొట్టే పాలు పోసేవాడు.

సాయంత్రం ఆమె తాళం వేస్తుంటే గుండయ్యకు నవ్వు వచ్చింది. "తాళమెందుకు చెల్లె? దొంగ వస్తే ఏడికెల్లి వస్తడు, ఏం ఎత్కపోతడు?"

"ఇల్లు కదన్నా. తాళం వెయ్యకుంటే ఎట్ల?" అంది బిల్కీస్.

ఇక్కడ రెండు ఇళ్ల అలవాట్ల గురించి చెప్పాలి. ప్రతి గురువారం సంధ్యవేళ జహంగీర్ ఇంట్లో ఊదు వేసి ఆ పొగ మూలమూలకూ చూపిస్తాడు. ఇప్పుడు మూలలు లేవు కనుక తలుపు చుట్టూ తిప్పి, నిప్పుల పాత్ర గడప దగ్గరే పెట్టి వెళ్లాడు. ప్రతి శుక్రవారం తెల్లారగానే కాశమ్మ తన గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. ఆ శుక్రవారం ఎదురుగా బిల్కీస్ వాళ్ల గడప బోసిగా, ఒంటరిగా కనపడేసరికి ఆమెకు మనసొప్పలేదు. చేతిలో పసుపు మిగిలే ఉంది. దానికీ రాసింది.

సరిగ్గా ఆ ఉదయమే తారు వేసే ముందు పనికి యంత్రం వచ్చింది. డ్రైవరు పసుపు గడప చూశాడు. ఊదు బూడిద చూశాడు. ఇంజను ఆపి, దిగి, చెప్పులు విప్పాడు. నిఖిలేష్ గారు జీపులోంచి దిగి, ఇది ఏ దేవుడిదని అడిగారు. తెలియదన్నాడు డ్రైవరు. తెలిసిన దేవుడైతే ఎలాగో నచ్చచెప్పుకోవచ్చు, తెలియని దేవుడితో తాను పెట్టుకోనన్నాడు.

కాశమ్మ "అయ్యో, అది బిల్కీస్ వాళ్ల ఇంటి గడప సారూ" అనబోతుంటే గుండయ్య ఆమెను పక్కకు జరిపి గొంతు సవరించుకున్నాడు. ఆయన అధ్యక్షుడయ్యాక చెప్పుకోదగ్గ ఉపన్యాసం ఇచ్చే అవకాశం అప్పటిదాకా రాలేదు.

"సార్, తరతరాల సంది ఈ బస్తీ నమ్ముకున్న స్థలం ఇది. హిందూ ముస్లిం భాయీ భాయీ అన్నదానికి నిలువెత్తు నిదర్శనం. దీన్ని ముట్టుకుంటే రేపు జరగబోయే పరిణామాలకు సంఘం బాధ్యత వహించదు."

బిల్కీస్ అక్కడే ఉంది. ఒక్క మాట చెప్పవచ్చు. కానీ చెబితే తలుపు పోతుంది, తలుపు పోతే ఫైలు మొదటికి వస్తుంది, అంతకాలం అక్క కన్ను ఆగదు. ఆమె తల దించుకుని ఊరుకుంది. మంచి మనిషని ప్రభుత్వం చేత అన్నిసార్లు రాయించుకున్నది ఆమే.

నిఖిలేష్ గారు వివేకవంతులు. మనుషులుండే ఇల్లు కూల్చడానికి ఒక నోటీసు చాలు. ఎవరూ ఉండని స్థలం కూల్చాలంటే పెద్దలు కూర్చోవాలి, శాంతి సంఘాలు కలవాలి, ఊరంతా పోలీసులు నిలబడాలి. ఆయన వెంటనే నక్షా సవరించారు. తిన్నగా రావలసిన రోడ్డు ఆ తలుపు దగ్గర వినయంగా వంగి, చుట్టూ తిరిగి వెళ్లింది. తిన్నగా పోవడం కోసం పది ఇళ్లు కూల్చిన రోడ్డే అది.

ఆ తరువాతి అభివృద్ధి మీరు ఊహించగలరు. తలుపుకు రెండు పేర్లు వచ్చాయి. సగం మంది ఓపిక అనే అర్థంలో సబర్ దర్వాజా అన్నారు, సగం మంది ఓపికమ్మ గడప అన్నారు. ఏళ్ల తరబడి ఒక ఆడమనిషి దాని వెనక కదలకుండా కూర్చుని తపస్సు చేసిందని, అందుచేత ఆగిపోయిన పనులు అక్కడ ముందుకు కదులుతాయని ప్రచారం జరిగింది. పింఛను రానివాళ్లు, రేషన్ కార్డు కోసం తిరుగుతున్నవాళ్లు, గల్ఫ్ వీసా ఆగినవాళ్లు, కోర్టు వాయిదాలకు కాళ్లరిగినవాళ్లు వచ్చి గొళ్లేనికి ఎర్రదారం కట్టి పోయారు. దారాలమ్మే బండి వెలిసింది. దాని పక్కన చెప్పులు చూసుకునేవాడు వెలిశాడు. సంక్షేమ సంఘం వారు హుండీ పెట్టి, దాని మీద ఫ్యాను బిగించారు.

బిల్కీస్ కుర్చీ భక్తులకు అడ్డం వస్తోందని సంఘం తీర్మానించింది. ఆడవాళ్ల వరుసలో నిలబడి అందరితోపాటు రావచ్చని, ఆమె పట్ల గౌరవంతో రుసుము మాత్రం తీసుకోబోమని గుండయ్య ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ఆమె తన తలుపు దగ్గరకు చేరడానికి రోజూ వరుసలో నిలబడింది. తన వంతు వచ్చి తలుపును చేత్తో తాకగానే, తాళం తీసే వ్యవధి ఇవ్వకుండా వెనకవాళ్లు తొందరపెట్టేవారు.

"నీకు సిగ్గనిపిస్తలేదా?" అని కాశమ్మ మొగుణ్ణి ఇంట్లో కడిగేసింది. "ఆమె ఇంటికి ఆమెనే లైన్‌ల నిలవెడ్తవా?"

"దర్వాజ నిలవడ్డదే దేవుని జాగ అన్నందుకు కదనే," అన్నాడు గుండయ్య. అందులో అబద్ధం లేదు. అదే బాధ.

చివరికి విచారణాధికారి సోమశేఖర్ గారు వచ్చారు. శుక్రవారం, మంచి రద్దీ వేళ. చేతిలో ఫైలుంది. ఇంటి నంబరు చూశారు, తలుపు చూశారు, జనాన్ని చూశారు. చెప్పులు విప్పి, అధ్యక్షుడెవరని అడిగి, "ఈ నంబర్ ఇంట్ల బిల్కీస్ అనే ఆమె ఉంటదా?" అన్నారు.

ఇల్లని ఒప్పుకుంటే రేపు మళ్లీ యంత్రం వస్తుంది. గుండయ్య చెడ్డవాడు కాదు కనుక నేల చూస్తూ చెప్పాడు. "సార్, ఇది పవిత్ర స్థలం. ఇక్కడ మనుషులు ఉండరు."

"నేనే సార్ బిల్కీస్‌ని," అని వరుసలోంచి గొంతు వినపడింది. "ఇది మా ఇల్లు. నేనే అబద్ధానికి ఊకున్న, తప్పు నాదే. మీరు దర్వాజ కొట్టండి సార్, నేను తీస్త."

"లైన్‌ల నిలవడమ్మా, మధ్యల లొల్లి పెట్టకు," అన్నాడు వెనకున్నాయన.

"ఆమె ఇల్లే సారూ. ఆ పసుపు పెట్టింది నేను, నా చేతులతోని పెట్టిన," అని కాశమ్మ ముందుకొచ్చింది. ఆమె గొంతు వణకడం చూసి, ఏదో పూనిందనుకుని ఇద్దరు ముసలివాళ్లు ఆమెకు దండం పెట్టారు.

సోమశేఖర్ గారు న్యాయంగానే ప్రవర్తించారు. ముందుకు వెళ్లి తలుపు తట్టారు. తియ్యమన్నట్టు బిల్కీస్‌ వైపు చూశారు. ఆమె తాళంచెవి పట్టుకుని వెళ్లింది. తాళం ఎక్కడుందో కనపడలేదు. గొళ్లెం మీద, తాళం మీద, ద్వారబంధం మీద పిడికిలి మందాన దారాలు పేరుకుని ఉన్నాయి. లాగింది, రాలేదు. గోళ్లతో పీకింది. చివరికి దారాల బండి మీది కత్తెర అందుకుంది.

అప్పుడు జనం కదిలారు. కేకలు వేయలేదు, కొట్టలేదు. వచ్చి తలుపుకూ ఆమెకూ మధ్య నిలబడ్డారు, అంతే. "అందుల నా బిడ్డ ఆపరేషన్ మొక్కున్నదమ్మా," అంది ఒకామె. "నాది మూడేండ్ల పింఛన్," అన్నాడొక ముసలాయన. "నువ్వే ఓపిక పట్టాలె తల్లీ, నీకు అలవాటే కదా," అన్నారు ఇంకెవరో. వాళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ ఎదురుచూసి ఎదురుచూసి విసిగినవాళ్లే. బిల్కీస్ కత్తెర బండి మీద పెట్టేసి, అందరి ముందూ ఏడ్చింది.

సోమశేఖర్ గారు తాను చూసింది చూసినట్టు రాశారు. తలుపు తట్టడమైనది. అర్జీదారు తలుపు తీయలేదు. సదరు చిరునామాలో నివాసం లేదు. ప్రార్థనా స్థలాన్ని తన ఇల్లని చెప్పుకుంటున్నందున నడవడికపై తిరిగి విచారణ అవసరం. సంతకం పెట్టాక, తన ప్రమోషన్ కూడా చాలాకాలంగా ఆగి ఉన్న సంగతి గుర్తొచ్చి, ఒక దారం కొని సరిగ్గా తాళం ఉన్నచోట గట్టిగా ముడి వేశారు. నెల తిరగకుండానే ప్రమోషన్ వచ్చింది. తలుపు మహిమ మీద అప్పటిదాకా ఉన్న కొద్దిపాటి అనుమానాలు కూడా తీరిపోయాయి.

ఆ చలికాలంలో ఉమ్మే హానీ రెండో కన్ను కూడా పోయింది. ఫోన్ చేసి తనే చెల్లెలిని ఓదార్చింది. ఇక తొందరేమీ లేదు, నిదానంగా రా, నువ్వు ఎప్పుడొచ్చినా నాకు ఒకటే అంది.

బిల్కీస్ ఇప్పటికీ రోజూ వస్తుంది, తిరిగి విచారణకు ఎవరైనా రావచ్చు కదా. మీకూ ఎక్కడో ఏదో ఒక పని ఆగే ఉంటుంది. వెళ్లండి, ఫలితం గ్యారంటీ అంటున్నారు. వరుస పొడవుగా ఉందని బెంగపడకండి. ముందు ఎవరో ఆడమనిషి తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంటుంది. కాస్త జరగమంటే జరుగుతుంది. అందరూ అలాగే దాటి వెళ్తున్నారు.