చంద్రమౌళి మెడికల్ లీవు

ఆ రోజు చంద్రమౌళి పెట్టుకున్న పనులు మూడే. భార్య కళావతికి ఇడ్లీలు పెట్టి మాత్రలు వేయించడం, బట్టలు ఉతకడం, మధ్యాహ్నం ఆమెను ఆటోలో హనుమకొండ దవాఖానకు తీసుకెళ్లి కట్టు మార్పించడం. ఐదు రోజుల కిందట ఆమెకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. పది రోజులు వంగొద్దని, బరువెత్తొద్దని, కుట్లు పిగిలితే మళ్లీ చేరాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

చిక్కంతా సెలవుతోనే వచ్చింది. చంద్రమౌళి ఒక మున్సిపల్ ఆఫీసులో గుమస్తా. క్యాజువల్ లీవులు ఎప్పుడో అయిపోయాయి. ఇంటింటి సర్వే ముగిసేదాకా ఎవరికీ ఎర్న్డ్ లీవు, అదే ఈఎల్, ఇచ్చేది లేదని కమిషనర్ ఆర్డరు వేశాడు. భార్యకు జబ్బంటే సెలవు లేదు, తనకే జబ్బయితే ఉంది. అందుకని నడుము పట్టేసిందని ఎక్కడో సర్టిఫికెట్ సంపాదించి పది రోజుల మెడికల్ లీవు పెట్టాడు. ఆనాటి నుంచి ఫోను మోగితే చాలు, ఆఫీసేమోనని ఉలిక్కిపడుతున్నాడు.

ఇడ్లీ పిండి పోస్తుండగా అది మోగనే మోగింది. చేసింది ఆఫీసు అటెండర్ గట్టయ్య.

“సార్, మడికొండకు వచ్చినం. మీ వీధి మలుపుల్నే ఉన్నం. మేనేజర్ మేడం మిమ్మల్ని చూస్తానంటే తోల్కొస్తాన. పండ్లు గూడ తెచ్చినం.”

గరిటె పిండిలోనే వదిలేసి చంద్రమౌళి ముందు గదికి ఉరికాడు. అక్కడ ఉన్నది ఒకటే మంచం. దాని మీద కళావతి పడుకుని ఉంది.

“లే, లే! నేను పండుకోవాలె!”

“ఆపరేషన్ నాకైతే నువ్వు పండుకునుడేంది?”

“మేడం వస్తాంది! నడుము నొప్పని రాసిచ్చిన. దొరికితే సస్పెండ్ చేస్తరు!”

కళావతి పొట్ట పట్టుకుని, గోడ ఆసరాతో మెల్లగా లేచి, కట్టు కనపడకుండా కొంగు చుట్టుకుంది. అతను మెడదాకా దుప్పటి లాక్కునేసరికి గుమ్మంలో మేనేజర్ ప్రేమలత నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఏదో దిగులు. అది చూడగానే, ఆమెకు అంతా తెలిసిపోయిందనుకుని చంద్రమౌళి దుప్పటిని గడ్డం మీదికి లాక్కున్నాడు.

“ఎట్లున్నది చంద్రమౌళీ?”

“పక్క మీదికెళ్లి లేవస్తలేదు మేడం,” అని మూలిగాడు.

అంతలో పక్కింటి సోమక్క జావ గిన్నెతో వచ్చింది. నిలబడి ఉన్న కళావతిని చూసి కేకేసింది.

“నువ్వెందుకు లేచినవే? పండుకోవాలె గదనే!” అని మంచం వైపు తిరిగి, “ఓరి సిగ్గు లేనోడా, నువ్వు పండుకున్నవా?” అంది.

ప్రేమలత కనుబొమ్మలు పైకి లేచాయి.

“నాకు సేవ చేసుకుంట కళావతి నిద్రపోతలేదు మేడం,” చంద్రమౌళి గబగబా అందుకున్నాడు. “అక్కకు అదే రంది.”

“సేవా!” అని సోమక్క ఇంకేదో అనబోయింది. కళావతి కళ్లతోనే సైగ చేసింది. సోమక్క జావ గిన్నె అక్కడే పెట్టి, మూతి తిప్పుకుంటూ వెళ్లిపోయింది.

“పాపం, బాగనే పట్టినట్టుంది,” అంది ప్రేమలత. “గట్టయ్యా, నువ్వు నడుము పట్లు తీస్తవు గద?”

“మా తాత నేర్పిన విద్య మేడం. రెండు నిమిషాల పని.”

చంద్రమౌళి వద్దంటూనే ఉన్నాడు. గట్టయ్య అప్పటికే అతన్ని బోర్లా తిప్పి, వీపు మీద మోకాలు ఆనించాడు. లోపల ఎక్కడో కటుక్కుమంది. అంతదాకా మూలిగిన మూలుగులు వేరు, ఆ తర్వాతవి వేరు.

“చెల్లె, జర వేడినీళ్లు పట్టుకరా. కాపడం పెడ్త,” అన్నాడు గట్టయ్య.

వంటింటి గుమ్మంలోంచి చంద్రమౌళికి కళావతి కనిపిస్తోంది. మూలన నిండుగా నీళ్లున్న గిన్నె కోసం ఆమె మెల్లగా వంగుతోంది. అతనికి కమిషనర్ గుర్తు లేడు, ఉద్యోగం గుర్తు లేదు. గట్టయ్యను తోసేసి ఒక్క దూకులో వంటింట్లో పడ్డాడు.

“వంగకు! కుట్లు పిగుల్తయ్!”

గట్టయ్య సంబరంగా చేతులెత్తాడు. “చూసిండ్రా మేడం? ఒక్క పట్టుకే లేచి ఉరికిండు!”

ప్రేమలత ఆటో చూడమని గట్టయ్యను బయటికి పంపింది. “కుట్లేంది చంద్రమౌళీ? ఎవలకు?”

ఇక దాచేందుకేమీ మిగల్లేదు. కళావతిని గిన్నె దగ్గర్నుంచి పక్కకు జరిపి, గోడకు ఆనుకుని జరిగిందంతా చెప్పాడు. “తప్పయింది మేడం. సస్పెండ్ చేయుండ్రి, కాదనను. కాకపోతే ఇంకో ఐదు రోజులాగి చేయుండ్రి. అప్పటికి కుట్లు మానుతయ్.”

ప్రేమలత కళావతిని చేయి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత తలుపు దగ్గరకు వేసింది. చంద్రమౌళి కళ్లు మూసుకున్నాడు.

“మా అత్తమ్మ బాత్రూంల జారి తుంటి విరగ్గొట్టుకుంది,” అందామె గొంతు తగ్గించి. “శుక్రవారం ఆపరేషన్. చూసుకోనీకె నేనొక్కదాన్నే. కమిషనర్ సార్ నా ఈఎల్ రెండుసార్లు వాపస్ పంపిండు.” బ్యాగులోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. అది చంద్రమౌళి ఇచ్చిన సర్టిఫికెట్టే. “దీని మీద సంతకం చదవస్తలేదు. ఈ డాక్టరు ఎక్కడ కూసుంటడు?”

చంద్రమౌళి వీధి పేరు, మెట్లెక్కాల్సిన వైపు, దిగాల్సిన ఆటో స్టాపు కూడా చెప్పాడు. ఆమె శ్రద్ధగా రాసుకుంది.

“నువ్వు లీవు అయినంకనే రా. నొప్పి మళ్లీ తిరగబెట్టిందని గట్టయ్యకు నేను చెప్త.”

“నిజంగనే ఉన్నది మేడం,” అన్నాడు చంద్రమౌళి నడుము పట్టుకుని.

గురువారం నాడు ప్రేమలత మెడికల్ లీవు దరఖాస్తు కమిషనర్ టేబుల్ మీదికి చేరింది. ఒకే ఆఫీసులో రెండు నడుములు పట్టేస్తే బాగుండదని, ఆమె మెడ పట్టేసిందని రాసింది.