పెద్ద సైజు మాస్టారు

ఆ రోజు కూడా మాస్టారు పొద్దున్నే గుడ్లు కొట్టి, తెల్లసొన తన గిన్నెలో పోసుకుని, పచ్చసొన గిన్నె భార్య వైపు తోశారు.

"మళ్లీ తెల్లసొనేనా? మనిషన్నాక కాస్త అన్నం తినాలండీ," అందావిడ.

"కొవ్వు కరగాలి, కండ మిగలాలి. తెల్లసొన, స్కిన్ తీసేసిన చికెన్, ఉడకబెట్టిన చేప. ఇంకేదీ ముట్టను. ఎవరేమనుకున్నా సరే!"

ఈ పంతం మోకాళ్ల వల్ల వచ్చింది. బరువు తగ్గకపోతే కుట్టుమిషను తొక్కడం మర్చిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. యూనిఫారాలు కుట్టే కొట్టులో ఆయనే పెద్ద టైలరు. మిషను దిగి బతకడం ఆయనకు తెలీదు.

ఆ కొట్టులో ఆయనకు ఇంకో పని కూడా ఉంది. పెద్ద సైజు కోటుకి అక్కడ ఎవరూ టేపు పట్టరు. ముందు ఒకటి కుట్టి మాస్టారికి తొడుగుతారు. ఆయనకి సరిపోతే అదే లెక్కన మిగతావన్నీ కత్తిరించేస్తారు. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి, ఒక్కసారీ తేడా రాలేదు. ఓనరుగారు వచ్చినవాళ్లందరికీ "ఇదిగో, మా పెద్ద సైజు" అని ఆయన్ని చూపించి పగలబడి నవ్వేవారు.

ఇంట్లో బరువు చూసుకునే మిషను లేదు. టైలరుకి చొక్కా ఏం చెబితే అదే నిజం. నెలలు గడిచినా చొక్కా మాత్రం లూజు కాలేదు. "ఈ ఒంటికి నాతోనే పంతమా? దీని సంగతి తేలుస్తాను," అని మాస్టారు టీలో పాలు కూడా మానేశారు.

అసలు జరిగిందేమిటంటే, మొగుడి చొక్కాలు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. టైలరు పెళ్లానికి అంతకంటే నామోషీ ఏముంటుంది! ఆయన కొట్టుకి వెళ్లగానే పక్క కుట్లు కాస్త కాస్త లోపలికి పట్టేసేది. తెలిస్తే "నా చొక్కా మీద నువ్వు సూది పెడతావా?" అని ఇల్లు పీకి పందిరేస్తారని నోరు మెదపలేదు.

ఇంతలో ఒక సెక్యూరిటీ కంపెనీ కోట్లకు ఆర్డరిచ్చింది. మొదటి కోటు మాస్టారికి తొడిగితే లోపల ఇంకో మనిషికి చోటుంది. "ఎవడయ్యా దీన్ని కత్తిరించింది? కోటా, గోనెసంచా?" అని కేకలేసి, ఇంకొకటి తన ఒంటికి అతికినట్టు కుట్టించారు. పెద్ద సైజు కోట్లన్నీ ఆ కొలతకే తయారైపోయాయి.

కోటు వేసి చూడమని కంపెనీ వాళ్లు ఒక భారీ గార్డుని పంపించారు. చేతులు దూరాయి గానీ పొట్ట దగ్గర వ్యవహారం ఆగిపోయింది. అతను ఊపిరి బిగబట్టి గుండీ పెట్టేశాడు. ఆ తర్వాత పాపం తుమ్మొచ్చింది. గుండీ ఎగిరి ఓనరుగారి నుదుటికి తగిలింది. గార్డు కోటు బల్ల మీద పడేసి, "వారంలో సరిగ్గా కుట్టివ్వండి, లేకపోతే ఆర్డరు క్యాన్సిల్," అని వెళ్లిపోయాడు.

ఓనరుగారు నుదురు రుద్దుకుంటూ మాస్టారిని పైనుంచి కిందికి చూశారు. "కొంప ముంచారు మాస్టారూ! మీరు చిక్కిపోయారు!"

"నిజంగానా?" మాస్టారి మొహం వెలిగిపోయింది. "మరి చొక్కా?"

"నేనే పట్టానండీ," అంది అప్పుడే క్యారియరుతో లోపలికొచ్చిన భార్య. మాస్టారు తిట్టడం కూడా మర్చిపోయి, పక్క కుట్టు తడుముకుంటూ మురిసిపోయారు.

ఓనరుగారు మిఠాయి డబ్బా తెప్పించి ఆయన ముందు పెట్టారు. "తినండి! వారంలో పాత ఒళ్లు రావాలి. లేదంటే ఉద్యోగం వదులుకోండి."

"ఒక్క ముక్క ముట్టను! ఉద్యోగం తీసేసుకోండి. మోకాళ్లు మీరిస్తారా? నా ఒళ్లు మీ కొట్టు సామాను కాదు!" మాస్టారు మెడలోని టేపు తీసి బల్ల మీద కొట్టారు.

మాస్టారి భార్య మూలన పడున్న ఆ గోనెసంచి కోటు దులిపి, ఓనరుగారి వైపు ఒకసారి చూసింది. "ఇది మీకు పట్టదాండీ?" అంది అమాయకంగా.

పట్టింది. గుండీలు ఒక్కొక్కటీ హాయిగా పడ్డాయి. కొట్టులో అందరూ వేరే వైపు తిరిగి దగ్గుకున్నారు.

"పొట్ట లోపలికి లాక్కోకండి సార్, కొలత తప్పుతుంది," అన్నారు మాస్టారు, నోట్లో పిన్నులతో ఆయన చుట్టూ తిరుగుతూ.

"నేనూ రేపట్నుంచి తెల్లసొనే తింటానయ్యా," అన్నారు ఓనరుగారు నీరసంగా.

"కుదరదు సార్. ఆర్డరు పూర్తయ్యేదాకా మీరు తగ్గకూడదు."

ఆ కొట్టుకి ఆర్డర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.