మూడు సిస్టములు, ఒక బొటనవేలు

జిల్లాలోనే మొట్టమొదటిసారిగా, బహుశా ప్రపంచంలోనే, మూడు ఆపరేటింగ్ సిస్టములకు బహిరంగ పోటీ పెట్టి ఉత్తమమైనదాన్ని ఎంపిక చేస్తామని తిరుత్తణి దగ్గర ఒక సర్కారు ఆఫీసు గోడ మీద నోటీసు వెలిసింది. ఆఫీసు పేరు చెప్పను. అధికారి శశికుమార్ గారికి ప్రచారం గిట్టదు. అందుకే నోటీసులో ఆయన ఫొటో ఒక్కటే వేశారు.

ఆయుధపూజ మర్నాటి నుంచి అక్కడ సర్టిఫికెట్లు ఆగిపోయాయి. దేనికైనా ఆయన బొటనవేలు వేలిముద్రల మిషను గాజు మీద పెడితేనే ఆమోదం. రోజుకు పదిసార్లు పెట్టారు. ఈ తాలూకాలో ఆయన్ని గుర్తుపట్టనిది ఆ మిషను ఒక్కటే. పూజ లోపమా అంటే, లేదు. బీరువాకు, ఫ్యానుకు, స్టేప్లరుకు, ఆఖరికి ఆ మిషను గాజుకు కూడా నడిమధ్యన గంధం, కుంకుమ దట్టంగా పెట్టారు.

తప్పు ఆఫీసు కంప్యూటర్‌లోని విండోస్‌దేనని ఆయన కనిపెట్టారు.

పోటీ రోజు నేను క్యూలో ఉన్నాను. నా ముందు పొదటూరుపేట చంద్రావతమ్మ. కూతురు వర్షిత స్కాలర్‌షిప్‌కు ఆదాయ సర్టిఫికెట్ కావాలి. ఆ సాయంత్రం ఐదుకు గడువు ఆఖరు. అందకపోతే పిల్ల కాలేజీ మానుకోవాలి. ఆమె ఆ ఆఫీసుకు రావడం అది తొమ్మిదోసారి.

ఆవడి నుంచి డెవలపర్ హేమనాథ్ తన లినక్స్ ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. పార్టీ నాయకుడు వెంకటపతి తన అల్లుడి ఆపిల్ మ్యాక్ పట్టుకొచ్చాడు.

ముందు ఆఫీసు విండోస్. తెరవగానే అప్‌డేట్ మొదలుపెట్టి నలభై నిమిషాలు తిరిగింది. అధికారి మెచ్చుకున్నారు. "మన ఆఫీసు పద్ధతి బాగా నేర్చుకోనుండాది" అన్నారు. వేలు పెట్టారు. గుర్తుపట్టలేదు.

తరువాత లినక్స్. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు.

"ఏందప్పా ఇది, హ్యాకింగా?"

"టెర్మినల్ సార్. మా డెవలపర్లకు ఇదే సుఖం. ఒక లైను కొడితే కావల్సిన టూలు వచ్చేస్తాది."

"మౌసు యాడ?"

"అక్కర్లేదు సార్."

"మౌసు పట్టుకోకుంటే మేము పని చేస్తా ఉండామని జనానికి యెట్ల తెలస్తాది?"

దానికి హేమనాథ్ దగ్గర టూలు లేదు. వేలు పెట్టారు. గుర్తుపట్టలేదు.

మ్యాక్‌కు మిషను వైరు దూరే చోటే లేదు. "పెద్దింటి సరుకు అట్లే ఉంటాది" అన్నాడు వెంకటపతి గర్వంగా. బజారుకు మనిషిని పంపి అడాప్టర్ తెప్పించారు. వేలు పెట్టారు. అదే ఫలితం.

"సార్, ఆ గాజు ఒకతూరి తుడిచి చూస్తామా?" అన్నాడు హేమనాథ్ మెల్లగా.

క్లర్కు చెంపలేసుకుంది.

"పూజ చేసిన బొట్టు తుడస్తావా? మా పార్టీ చూస్తా ఊరుకోదు" అన్నాడు వెంకటపతి.

"నువ్వు డెవలపర్‌వి. సాఫ్ట్‌వేర్ మాట్లాడు" అన్నారు అధికారి.

నాలుగూ నలభై అయిదుకు తీర్పు వచ్చింది. మూడూ సమానమే. మిషను వైరును మళ్ళీ విండోస్‌కే తగిలించి, మూడింటికీ శాలువాలు కప్పి, అందరూ ఫొటోకు నిలబడ్డారు. ఆ సందులో చంద్రావతమ్మ టేబుల్ దగ్గరికి వెళ్ళి కొంగుతో గాజు తుడిచేసింది.

"అయ్యా, ఒక్కతూరి వేలు పెట్టండయ్యా, సీక్రం. నా బిడ్డ చదువయ్యా."

కెమెరా చూస్తోంది కాబట్టి ఆయన పెట్టారు. మిషను కుయ్‌మంది. ప్రింటర్‌లోంచి సర్టిఫికెట్ బయటికి వచ్చింది. చంద్రావతమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చేసింది.

"చూసినారా, సన్మానం చేసినాక విండోస్‌కు రోషమొచ్చినాది!" అన్నాడు వెంకటపతి. అందరూ చప్పట్లు కొట్టారు.

అధికారి మాత్రం మిషను వైపే చూస్తూ ఉండిపోయారు.

"బోసిగా ఉండాదే. అదీ శుక్రవారం పూట." క్లర్కు వైపు తిరిగారు. "మంజూ, గంధం గిన్నె ఎత్తుకురామ్మా."

ఈసారి బొట్టు కొంచెం పెద్దదే పెట్టారు. పైన కుంకుమ అద్ది, కళ్ళు మూసి దణ్ణం పెట్టుకుని, క్యూ వైపు చూసి "నెక్స్ట్" అన్నారు.

నేను ముందుకు వెళ్ళాను.